మ్యూజియంలో చెక్క మందుపాతరను ఎలా చూడాలి?

సైన్యంలో మందుపాతరలు తీసే పని నేర్చుకునే రోజుల్లో ఒక డమ్మీ చెక్కపెట్టె మీదుగా లోహాన్ని పసిగట్టే నా డిటెక్టర్ రెండుసార్లు కూత పెట్టకుండా పోయింది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తే. అందుకే చెబుతున్నా, రెండో ప్రపంచ యుద్ధం నాటి ట్యాంకులను పేల్చే సోవియట్ చెక్క మందుపాతర ఎక్కడైనా ప్రదర్శనలో కనబడితే ముందు దాని పైభాగం చూడండి. పక్కపక్కనే మూడు పలకలుంటే టీఎండీ-బీ. మధ్యలో గుండ్రటి బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) మూత ఉంటే టీఎండీ-44. తర్వాత మేకులు చూడండి. పళ్ల పెట్టెకు కొట్టినట్టే ఉంటాయి, మామూలు వడ్రంగి పని. పెట్టె చెక్కది కాబట్టి ఇనుము ఆదా అయ్యేది, డిటెక్టర్‌కు దొరకడం కష్టమయ్యేది. జర్మన్లు కూడా 1942లో హోల్జ్‌మినె 42 అనే చెక్క మందుపాతర తెచ్చారు.

తడికి చెక్క పుచ్చిపోతుంది, లోపలి మందు మాత్రం ప్రమాదమే. పాత యుద్ధభూముల్లో ఇలాంటి పెట్టె కనిపిస్తే ముట్టుకోకండి. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిచి పోలీసులకు చెప్పండి.