ఒకే గిన్నెలో బర్కస్ హరీస్, హైదరాబాద్ హలీమ్

హలీమ్ బాగా కుదరాలంటే ముందు హరీస్ వండటం రావాలి. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో చేరడానికి వచ్చిన అరబ్బులు తెచ్చిన వంట అది: గోధుమలు, మాంసం, ఉప్పు, నెయ్యి, అంతే. హైదరాబాద్‌లో వాళ్ల బ్యారక్స్ ఉన్న చోటే ఇప్పటి బర్కస్. ఏడో నిజాం కాలంలో హద్రమీ ప్రముఖుడు సుల్తాన్ సైఫ్ నవాజ్ జంగ్ ఇచ్చిన విందులతో ఊరంతా దాని రుచి మరిగింది. అల్లం వెల్లుల్లి, పప్పులు, గరం మసాలా ఇక్కడ చేరి అది హలీమ్ అయింది. 2010లో హైదరాబాద్ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఆరుగురికి పొట్టు తీసిన గోధుమలు 250 గ్రాములు తీసుకుని రాత్రంతా నానబెట్టండి. పొట్టుంటే ఎంత ఉడికినా నోటికి తగులుతుంది. పొద్దున లీటరుంబావు నీళ్లతో కుక్కర్‌లో, మొదటి విజిల్ తర్వాత సన్నటి సెగ మీద 40 నిమిషాలు ఉంచండి. ఎముకతో ఉన్న పిక్క లేదా తొడ మటన్ 750 గ్రాములను ముప్పావు లీటరు నీళ్లు, ఉప్పు, చిన్న దాల్చిన చెక్కతో విడిగా కుక్కర్‌లోనే 30 నిమిషాలు ఉడికించండి. పిక్కలో జిగురు ఎక్కువ. హలీమ్‌కు సాగుడు వచ్చేది దాని వల్లే. ఎముకలు ఏరేయండి, చిన్న ముక్క కూడా మిగలకూడదు.

ఇక అసలు పని. అడుగు మందంగా ఉన్న గిన్నెలో రెండూ కలిపి, మాంసం ఉడికిన నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ, పప్పు గుత్తితో 20 నిమిషాలు మెదపండి. మిక్సీ జోలికి మాత్రం పోకండి. బ్లేడు మాంసపు పీచును తెగ్గొడుతుంది, గోధుమ బంకలా మారుతుంది. గరిటె పైకెత్తితే సన్నటి పోగులు సాగుతూ జారాలి. దాన్నే రేషా అంటారు.

ఇది హరీస్. రెండు కప్పులు పక్కకు తీసి, కాచిన నెయ్యి, చక్కెర వేసుకుని తినండి. బర్కస్‌లో తీపి హరీస్ పొద్దుటి ఫలహారం.

మిగిలినదే హలీమ్ అవుతుంది. 100 గ్రాముల నెయ్యిలో మూడు ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, సగం తీసి పెట్టండి. మిగతా సగంలో రెండు చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, ఆరు పచ్చిమిర్చి, అర కప్పు పెరుగు, చెంచా గరం మసాలా, కొన్ని చలవ మిరియాలు (కబాబ్ చీనీ) వేసి నెయ్యి తేలేదాకా వేయించండి. శనగపప్పు, మినప్పప్పు, పెసరపప్పు రెండేసి చెంచాలు మెత్తగా ఉడికించి కలపండి. ఇంతకు మించితే పప్పు రుచి పైకొచ్చి ఖిచిడీలా ఉంటుంది. అంతా గిన్నెలో వేసి సన్నటి సెగ మీద ఇంకో గంట, అడుగంటకుండా కలుపుతూనే ఉండండి. చిక్కబడితే మరిగే నీళ్లే పోయాలి. చన్నీళ్లు పోస్తే నీరు విడిగా తేలుతుంది.

పుదీనా, కొత్తిమీర, తీసి పెట్టిన ఉల్లిపాయలు పైన చల్లండి. నిమ్మరసం గిన్నెలో కాదు, ఎవరి పళ్లెంలో వాళ్లు పిండుకోవాలి.