రాతి వలయంలో ఉత్తరపు రాయి పక్కకు పోయిందా? ముందు గడియారాన్ని అనుమానించండి

లక్షణం: హైదరాబాద్ పరిసరాల్లో 10 మీటర్ల వ్యాసార్థంతో వలయం గీశారు. మధ్యాహ్నపు నీడ వెంబడి ఉత్తరపు రాయి నాటారు. రాత్రి వలయం మధ్యలో నిలబడి చూస్తే ధ్రువనక్షత్రం ఆ రాయికి బాగా కుడివైపున ఉంది. ధ్రువనక్షత్రం అసలు ఉత్తరం నుంచి పున్నమి చంద్రుడి వెడల్పు కంటే కాస్త ఎక్కువ, అంతే జరుగుతుంది. తేడా అంతకు మించితే తప్పు రాయిదే.

దిక్సూచితో చూసి ఉంటే: నేల మీద రెండు గుర్తులు పెట్టి, ఒకదాని నుంచి రెండోదానికి, మళ్లీ అక్కడి నుంచి మొదటిదానికి కోణం చదవండి. సరిగ్గా 180 డిగ్రీల తేడా రావాలి. రాకపోతే దగ్గర్లో ఇనుముంది: కారు, కడ్డీలు, అయస్కాంతమున్న ఫోన్ కవరు. మీరు తెచ్చిన నల్ల గ్రానైటు రాళ్లే ముల్లును లాగవచ్చు. ఈ రెండు నిమిషాల పని ఎవరూ చెయ్యరు.

నీడతో చూసి ఉంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: గడియారంలో 12 కాగానే గీత గీసేశారు.

మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది. కాకినాడకు అది దాదాపు సరిపోతుంది. హైదరాబాద్‌లో సూర్యుడు 16 నిమిషాలు వెనక. దీనికి తోడు ఏడాది పొడవునా సూర్యుడు గడియారానికి ముందూ వెనకా అవుతుంటాడు. నవంబర్ మొదట్లో ఈ రెండూ కొట్టుకుపోయి హైదరాబాద్‌లో సరిగ్గా 12కే మిట్టమధ్యాహ్నం అవుతుంది. అప్పుడు చూసినవాళ్లకు పద్ధతి మీద నమ్మకం కుదురుతుంది. అదే పని ఫిబ్రవరి రెండో వారంలో చేస్తే మిట్టమధ్యాహ్నం 12:30కి. 12కి గీసిన గీత 14 డిగ్రీలు పడమరకు పోతుంది, రాయి దాదాపు 2.4 మీటర్లు తప్పుతుంది.

“అతి పొట్టి నీడ చూస్తే చాలదా?” చాలదు. ఆ ఫిబ్రవరి రోజుల్లోనే మిట్టమధ్యాహ్నం దాటాక 5 నిమిషాల్లో మీటరు కర్ర నీడ పొడవు ఒక మిల్లీమీటరు కూడా మారదు, దిక్కు మాత్రం రెండు డిగ్రీలకు పైగా తిరుగుతుంది. ఇక మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది.

పరిష్కారం: మధ్యాహ్నాన్నే వదిలెయ్యండి. శంకుస్థాపన అనే మాటలోని శంకువుదే (నీడ చూడటానికి నిలువుగా నాటే కర్ర) ఈ పని.

రసమట్టంతో అన్ని వైపులా చదును చేసిన నేల మీద మీటరు ఎత్తు కర్ర నాటి, కొనకు చిన్న చిల్లున్న రేకు బిగించండి. ఉత్త కర్ర కొన నీడ మసకబారి మూడు సెంటీమీటర్ల దాకా అనుమానం మిగులుస్తుంది. చిల్లు గుండా పడే వెలుగు చుక్కకు నడిమి తెలుస్తుంది. గీయబోయే వృత్తానికి కేంద్రం కర్ర మొదలు కాదు, చిల్లు నుంచి గుండు వేలాడదీస్తే అది తాకే చోటు. డిసెంబరులో కర్ర తూర్పుకో పడమరకో ఒక డిగ్రీ వాలినప్పుడు మొదలునే కేంద్రం చేసుకుంటే పావు డిగ్రీ పోతుంది.

ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో వెలుగు చుక్క మీద మేకు కొట్టండి. కేంద్రం నుంచి ఆ మేకు దాకా తీగతో వృత్తం గీయండి (తాడు సాగుతుంది). మధ్యాహ్నం చుక్క మళ్లీ వృత్తాన్ని తాకిన చోట రెండో మేకు. రెంటినీ కలిపే గీత పడమర-తూర్పు. దాని నడిమి నుంచి లంబం గీస్తే ఉత్తరం. మేకుల మధ్య 2.6 మీటర్లుంటే, ఒక మేకులో 5 మిల్లీమీటర్ల తప్పు 10 మీటర్ల దగ్గర 2 సెంటీమీటర్లవుతుంది.

పగటిపూట సూర్యుడి క్రాంతి (ఉత్తరానికో దక్షిణానికో జరిగిన కోణం) కాస్త మారడం లాంటివి పట్టించుకోకండి, రాళ్ల పనికి అంత లెక్క అక్కర్లేదు. కాంక్రీటు పోసే ముందు రాత్రి మాత్రం ఆ గీత మీద రెండు గుండ్లు వేలాడదీసి, తాళ్ల వరసలో ధ్రువనక్షత్రం ఉందో లేదో చూడండి.