ప్రయాణంలో వాన పట్టుకుంటే మంచి ఫొటోలు ఎలా తీయాలి?

చినుకు పడగానే చాలామంది కెమెరాను సంచిలో పెట్టేసి బస దారి పడతారు. నిజానికి మబ్బు పట్టిన రోజు వెలుగు ఆకాశమంతటి నుంచీ సమంగా వస్తుంది. ముఖాల మీద కటిక నీడలు పడవు, ఎవరూ కళ్లు చికిలించరు. తడిసిన గోడలకూ ఆకులకూ రాళ్లకూ రంగు తేలుతుంది. అన్నిటికంటే విలువైన ఘడియలు రెండు: వాన దిగబోయే ముందు మబ్బు కమ్ముకునే వేళ, వెలిసిన వెంటనే మబ్బు చీలి ఎండ తొంగిచూసే వేళ. రెండూ కొద్ది నిమిషాలే ఉంటాయి. ఆ నిమిషాల్లో కెమెరా పొడిగా, చేతికి అందుబాటులో ఉండాలి. కింద చెప్పే ఏర్పాట్లలో ఎక్కువ భాగం అందుకోసమే.

1. మీ పరికరం ఎంత తడిని తట్టుకుంటుందో ముందే చూసుకోండి

‘వెదర్ సీల్డ్’ అని రాసి ఉన్న కెమెరాలో అతుకుల దగ్గర రబ్బరు పట్టీలు ఉంటాయి. అవి జల్లును, దుమ్మును ఆపగలవు కానీ కెమెరా నీళ్లలో మునిగితే కాపాడలేవు. పైగా బాడీకి (లెన్స్ కాకుండా మిగిలిన కెమెరాకు) ఆ రక్షణ ఉన్నా, తగిలించిన లెన్స్‌కు లేకపోతే అతుకు దగ్గర నుంచే నీరు దిగుతుంది. రెండింటి వివరాలూ చదవండి.

ఫోన్ల వివరాల్లో కనిపించే ఐపీ67 అనే రక్షణ గుర్తుకు అర్థం, మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు తట్టుకుంటుందని. ఆ పరీక్ష కదలని మంచినీటిలో జరుగుతుంది. సముద్రపు తుంపరకు ఆ హామీ వర్తించదు. ఫోను పాతబడేకొద్దీ ఆ పట్టీలూ బలహీనపడతాయి.

2. కవర్, హుడ్, రెండు గుడ్డలు

ఖరీదైన రెయిన్ కవర్ లేకపోయినా ఇబ్బంది లేదు. ఒక పెద్ద ప్లాస్టిక్ సంచి అడుగున లెన్స్ పట్టేంత రంధ్రం చేసి, లెన్స్ ముందుభాగాన్ని అందులోంచి బయటికి తీసి, రబ్బరు బ్యాండుతో హుడ్ (లెన్స్ ముందు తగిలించే గొట్టం లాంటి తొడుగు) చుట్టూ బిగించండి. సంచి నోటి వైపు నుంచి చేతులు పెట్టి కెమెరాను నడపవచ్చు. లెన్స్ హుడ్ తప్పనిసరి. ముందు అద్దం మీద చినుకులు పడకుండా అది ఆపినంతగా మరేదీ ఆపదు.

గుడ్డలు రెండు ఉండాలి. చిన్న తువ్వాలు బాడీని అద్దుకోవడానికి, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డ అద్దానికి మాత్రమే. రెండోదాన్ని తడి తగలని లోపలి జేబులో దాచండి. తడిసిన గుడ్డతో అద్దం తుడిస్తే మరకలే మిగులుతాయి.

వానలో లెన్స్ మార్చవద్దు. బయటికి వెళ్లే ముందే ఒక జూమ్ లెన్స్ తగిలించుకుని, రోజంతా దానితోనే సరిపెట్టుకోండి. జూమ్ చేసినప్పుడు గొట్టం ముందుకు సాగే లెన్స్ అయితే, వెనక్కి తిప్పే ముందు దాన్ని తుడవండి. లేకపోతే పైనున్న నీరు లోపలికి పోతుంది. ఇవన్నీ ఉన్నా మొదటి రక్షణ మీరు నిలబడే చోటే. చూరు కిందో, ద్వారబంధం దగ్గరో, గాలికి వీపు పెట్టి నిలబడండి.

3. వాన ఫొటోలో కనిపించాలంటే

కంటికి జోరుగా కనిపించిన వాన ఫొటోలో మాయమైపోతుందని చాలామంది వాపోతారు. దానికి కారణం నేపథ్యం. తెల్లటి ఆకాశం ముందు చినుకు కనిపించదు. ముదురు రంగు గోడ, చెట్లు, చీకటి సందు వెనుక ఉండేలా చూసుకోండి. వెలుగు చినుకుల వెనుక నుంచి వస్తే, అంటే వీధి దీపమో కారు దీపమో మీకు ఎదురుగా ఉంటే, ఒక్కో చుక్కా మెరుస్తుంది.

తరువాత షట్టర్ వేగం, అంటే వెలుగు లోపలికి రావడానికి షట్టర్ ఎంతసేపు తెరుచుకుంటుందన్నది. పెద్ద చినుకు సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో పడుతుంది. 1/60 సెకనులో అది 15 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి పొడవాటి గీతలా పడుతుంది. 1/1000 సెకనులో సెంటీమీటరు కూడా కదలదు, దాదాపు చుక్కలాగే నిలుస్తుంది. వాన ధారగా కనిపించాలంటే 1/60 దగ్గర మొదలుపెట్టండి. నీటి గుంటలో ఎగసే తుంపర కావాలంటే షట్టర్ 1/500 సెకను కంటే వేగంగా ఉండాలి. వెలుగు తక్కువైతే ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంత సున్నితంగా స్పందించాలో చెప్పే అంకె) పెంచడానికి జంకవద్దు. కాస్త గరుకుదనం ఉన్న ఫొటో, కదిలి చెదిరిన ఫొటో కంటే వెయ్యి రెట్లు నయం. ఫ్లాష్ మాత్రం ఆపేయండి. అది దగ్గరి చినుకులనే వెలిగించి ఫొటో నిండా తెల్లటి మచ్చలు పెడుతుంది.

ఫోనుతో తీసేవారికి ఒక మాట. తడి తెర వేలి స్పర్శను సరిగా గుర్తించదు, అందుకని వాల్యూమ్ బటన్‌తో ఫొటో తీయండి.

4. పొగమంచు, హిమపాతం

పొగమంచులో ఆటోఫోకస్ ఆనవాలు దొరక్క ముందుకూ వెనక్కూ వెతుకుతుంది. చెట్టు మొదలు, స్తంభం వంటి స్పష్టమైన అంచు మీద ఫోకస్ చేయండి, లేదా చేత్తో తిప్పి సరిచేసుకోండి. దగ్గరలో ఒక ముదురు ఆకారం, వెనుక ఒకదాని కంటే మరొకటి పలచబడే వరుసలు ఉంటే చాలు, లోతు దానంతటదే వస్తుంది.

కెమెరాలో వెలుగును కొలిచే మీటర్ ప్రతి దృశ్యాన్నీ మధ్యస్థమైన బూడిద రంగుగా భావించి లెక్కవేస్తుంది. అందుకే తెల్లటి హిమం మట్టి పట్టినట్టు వస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (ఫొటో ఎంత వెలుతురుగా రావాలో సర్దే అమరికను) హిమంలో +1 నుంచి +2 వరకు, పొగమంచులో +1 దాకా పెంచి చూడండి. చలికి బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది కాబట్టి అదనపు బ్యాటరీని ఒంటికి ఆనుకున్న జేబులో ఉంచండి. అయిపోయినట్టు చూపిన బ్యాటరీ కూడా వెచ్చబడ్డాక మళ్లీ కొంతసేపు పనిచేయవచ్చు.

5. ఉరుము వినిపిస్తే

ఇక్కడ బేరం లేదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లను మూడుతో భాగిస్తే, పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో తెలుస్తుంది. 30 సెకన్ల లోపు ఉరుము వినిపిస్తే వెంటనే భవనంలోకో, అద్దాలు మూసిన లోహపు పైకప్పు గల కారులోకో వెళ్లండి. చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు ఆగండి. ఒంటరి చెట్టు కింద, కొండ కొమ్మున, నీటి ఒడ్డున ఉండకూడదు. మెరుపును ఫొటో తీయాలని ఉంటే రాత్రి వేళ భవనం లోపలే, కిటికీకి కాస్త ఎడంగా ట్రైపాడ్ పెట్టి, ఐఎస్ఓ 100, ఎఫ్/8 (లెన్స్ రంధ్రం పరిమాణం), 10 నుంచి 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌తో వరుసగా తీస్తూ పోండి.

6. వాన వెలిసిన వెంటనే

అందరూ ఊపిరి పీల్చుకునే ఈ సమయంలోనే మీరు పరుగెత్తాలి. ముందు అద్దం తుడవండి. ఎండ తక్కువ ఎత్తులో ఉంటే సూర్యుడికి వీపు పెట్టి ఎదుటి ఆకాశం చూడండి. ఇంద్రధనుస్సు ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కునే ఏర్పడుతుంది. సూర్యుడు 42 డిగ్రీల కంటే ఎత్తుకు వెళితే నేల మీద నుంచి చూసేవారికి అది కనిపించదు. అందుకే ఉదయం, సాయంత్రం వేళల్లో ఎక్కువగా చూస్తాం. లెన్స్ ముందు బిగించే పోలరైజర్ ఫిల్టర్ (ప్రతిఫలించే వెలుగును తగ్గించే అద్దం) ఉంటే నెమ్మదిగా తిప్పండి. ఒక కోణంలో రంగులు గాఢమవుతాయి, మరో కోణంలో ఇంద్రధనుస్సు మాయమైపోవచ్చు. అదే ఫిల్టర్ తడి ఆకుల మీది తళుకు తగ్గించి పచ్చదనాన్ని బయటికి తెస్తుంది.

ఆ తరువాత కిందికి చూడండి. కెమెరాను నీటికి అంగుళం ఎత్తుకు దించితే చిన్న గుంటలో కూడా మొత్తం వీధి ప్రతిబింబిస్తుంది.

7. గదికి చేరాక

చలిలోంచి వెచ్చని గదిలోకి కెమెరాను నేరుగా తెస్తే లోపలా బయటా చెమ్మ పడుతుంది. బయట ఉండగానే జిప్ సంచిలో పెట్టి మూసి, గంట రెండు గంటల తరువాత తెరవండి. ఏసీ గదిలోంచి ఉక్కపోతలోకి వెళ్లేటప్పుడూ అంతే.

కెమెరా లోపలికి నీరు వెళ్లిందన్న అనుమానం ఉంటే ఆన్ చేసి చూడవద్దు. స్విచ్ ఆపి, బ్యాటరీ, మెమరీ కార్డు తీసి, చెమ్మను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పాటు మూసిన డబ్బాలో ఉంచండి. బియ్యం వద్దు, దాని పొడి సందుల్లో చేరుతుంది. హెయిర్ డ్రయ్యర్ వేడి కూడా వద్దు. సముద్రపు తుంపర పడితే మంచినీటితో తడిపి పిండిన గుడ్డతో బాడీని తుడిచి, తరువాత పొడి గుడ్డతో అద్దండి. ఫోను ఛార్జింగ్ రంధ్రం పూర్తిగా ఆరేదాకా వైరు గుచ్చకండి.