ఊడ్పుల వేళ కలుపు మందు: ముందు నీళ్లు చూసుకోండి

కాలవలకు నీళ్లొచ్చి సార్వా ఊడ్పులు ఊపందుకున్నాక కలుపు మందుకు దొరికే గడువు చాలా తక్కువ. బ్యూటాక్లోర్, ప్రెటిలాక్లోర్ లాంటివి ఊడ్చిన 3 నుంచి 5 రోజుల్లోపు పడాలి. ఇవి మొలకెత్తే ఊదని, తుంగ గింజని చంపుతాయి గానీ లేచి నిలబడ్డ మొక్కని ఏమీ చెయ్యవు. వారం దాటాక చల్లితే డబ్బులు మురుగు కాలవలో పోసినట్టే.

50 శాతం బ్యూటాక్లోర్ ఎకరాకు 1 నుంచి 1.5 లీటర్లు, 50 శాతం ప్రెటిలాక్లోర్ అయితే 500 మిల్లీలీటర్లు. 20–25 కిలోల ఇసుకలో కలిపి చల్లాలి. ఇసుక బాగా ఎండి ఉండాలి. తడిసిన ఇసుకలో మందు ఉండలు కడుతుంది: ఉండ పడ్డచోట వరి గిడసబారుతుంది, పక్క బారలో ఊద నవ్వుతూ లేస్తుంది. చేతులకు తొడుగులు తప్పనిసరి. దమ్ములో నేరుగా విత్తనం వెదజల్లిన చేలో మామూలు ప్రెటిలాక్లోర్ వద్దు, మొలకే దెబ్బతింటుంది. దానికి సేఫ్‌నర్ (వరి మొలకని మందు నుంచి కాపాడే పదార్థం) కలిసిన రకం వేరే ఉంది.

చల్లేటప్పుడు మడి అంతా పలచగా నీరు పరుచుకుని ఉండాలి. మిట్ట తేలిన చోట మందు పరుచుకోదు, పల్లంలో మునిగిన నారు దెబ్బ తింటుంది. అందుకే దమ్ము చదునులోనే సగం కలుపు పని అయిపోతుంది. చల్లాక తూము కట్టెయ్యండి, కనీసం 3 రోజులు నీరు కదలకూడదు. బ్యూటాక్లోర్ చేపలకు విషం. మీ మడి నీరు బోదెలోకి, బోదె నీరు పక్క చెరువులోకి పోయే చోట వారం దాకా వదలకపోవడమే మంచిది. పెద్ద వాన సూచన ఉంటే ఆ రోజు మానెయ్యండి, గట్టు పొర్లితే మీ చేతిలో ఏమీ ఉండదు.

గడువు తప్పిపోతే 15–20 రోజులకు, కలుపు 2–4 ఆకుల మీద ఉండగా, 10 శాతం బిస్‌పైరిబాక్ సోడియం ఎకరాకు 100 మిల్లీలీటర్లు 200 లీటర్ల నీళ్లలో కొట్టాలి. అంటే 20 లీటర్ల ట్యాంకుకి 10 మిల్లీలీటర్లు. ఇక్కడ పద్ధతి తిరగబడుతుంది: ముందు నీరు తీసేసి కలుపు ఆకులు బయటపడేలా చెయ్యాలి, మందు కొట్టిన 48 గంటలయ్యాక మళ్లీ నీరు పెట్టాలి.

1940ల్లో వచ్చిన 2,4-డి ఇప్పటికీ వెడల్పాకు కలుపుకి చౌక మందు. ఊదని మాత్రం తాకదు. గట్టు మీద బెండ, గోంగూర, కంది ఉంటే గాలికి జల్లు సోకినా ఆకులు మెలితిరుగుతాయి. పొద్దున గాలి లేనప్పుడు, ఫ్లడ్ జెట్ నాజిల్‌తో (పెద్ద చుక్కలుగా, వెడల్పుగా పడేది), కిందికి వంచి కొట్టండి. ఆ స్ప్రేయర్‌ని పురుగు మందుకు వాడొద్దు, ఎంత కడిగినా గొట్టాల్లో కొంత మిగులుతుంది.

గట్ల మీద కలుపుకి పారాక్వాట్ కొట్టేవాళ్లు బురద కాలవ నీళ్లు కలపొద్దు, మట్టి రేణువులు మందుని పట్టేసుకుంటాయి. పారాక్వాట్ విషానికి విరుగుడు లేదు. ఒక గుక్క లోపలికి పోయినా ఊపిరితిత్తులు చెడతాయి. మందుని తాగునీటి సీసాలో పోసి ఉంచొద్దు. పొరపాటు జరిగితే క్షణం ఆలస్యం చెయ్యకుండా, లేబుల్ ఉన్న డబ్బాతో సహా ఆసుపత్రికి వెళ్లాలి.