మనస్సాక్షి పరిశోధన – నాల్గవ పాఠం: సమ్మతి ఎక్కడ కలిగింది?

గత పాఠంలో ఒక క్రియను పరిశీలించేటప్పుడు చేసిన పనిని, దాని వెనుక ఉన్న ఉద్దేశాన్ని, చుట్టూ ఉన్న పరిస్థితులను వేరువేరుగా చూడడం అభ్యసించాము. పని చెడ్డదని తేలిన తరువాత అంతకంటే కష్టమైన ప్రశ్న ఒకటి మిగిలి ఉంటుంది: ఆ పనికి నేను ఎంతవరకు బాధ్యుడను? పాపసంకీర్తనానికి, అంటే గురువు ఎదుట తన పాపాలను ఒప్పుకోవడానికి, సిద్ధపడే విశ్వాసి ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు వెదకడం నేర్చుకోవాలి.

మనిషికి స్వేచ్ఛ ఉన్నదనే బోధ కతోలిక విశ్వాసంలో అంతర్భాగం. దేవుడు ఆదిలో నరుని సృష్టించి, నిర్ణయించుకొనే శక్తిని అతని చేతికే విడిచిపెట్టాడని బైబిలులోని సీరా జ్ఞానగ్రంథం 15వ అధ్యాయం చెబుతుంది. ఆదాము పాపం వలన ఆ స్వేచ్ఛ బలహీనపడిందే గాని నశించలేదని కతోలిక పీఠాధిపతులు సమావేశమైన ట్రెంటు మహాసభ 1547లో ప్రకటించింది. వరప్రసాదం, అంటే దేవుడు ఉచితంగా ఇచ్చే సహాయం, లేనిదే ఎవరూ నీతిమంతులు కాలేరని నొక్కి చెప్పిన ఆ మహాసభే, మనిషి ఆ వరప్రసాదానికి సమ్మతించనూగలడు, దానిని తిరస్కరించనూగలడు అని కూడా బోధించింది. కనుక పెంపకాన్నో, సహవాసాన్నో, సైతానునో చూపించి బాధ్యత నుండి పూర్తిగా తప్పుకోవడానికి ఈ విశ్వాసం వీలివ్వదు.

చావైన పాపానికి, అంటే ఆత్మను దేవుని నుండి వేరుచేసే ఘోర పాపానికి, మూడు షరతులున్నాయని సత్యోపదేశంలో, అంటే విశ్వాస బోధనలో, నేర్చుకున్నాము: విషయం గురుతరమైనది కావాలి, అది పాపమని పూర్తిగా తెలిసి ఉండాలి, బుద్ధిపూర్వకంగా సమ్మతించాలి. మొదటి రెండింటిని నిర్ధారించుకోవడం చాలావరకు సులభమే. మూడవదాని దగ్గరే తడబడతాము. పునీత అగుస్తీను కాలం నుండి ఆధ్యాత్మిక గురువులు పాపం మూడు మెట్లుగా సాగుతుందని వివరిస్తూ వచ్చారు: తలపు కలుగుతుంది, మనసు అందులో రుచి చూస్తుంది, చివరకు సంకల్పం లొంగిపోతుంది.

ఒక ఉదాహరణ తీసుకొందాము. తాను ఆశించిన పదవి సహోద్యోగికి దక్కిందని బాధపడిన ఒక వ్యక్తి, అతడు దొంగ లెక్కలు వ్రాశాడని పై అధికారితో అబద్ధం చెప్పాడనుకొందాము. ఆ అబద్ధం మొదటిసారి మదిలో మెదిలినప్పుడు అది శోధన మాత్రమే, అంటే పాపానికి పురికొల్పే ప్రేరేపణ మాత్రమే. శోధన పాపం కాదు. ఆ రాత్రి సహోద్యోగి పొందబోయే అవమానాన్ని ఊహించుకొంటూ, ఆపగలిగి కూడా ఆపక, ఆ ఊహలో ఆనందించినప్పుడే దోషం మొదలైంది. మరునాడు అధికారి ఒంటరిగా ఉండే సమయం కోసం వేచి చూసినప్పుడు సమ్మతి సంపూర్ణమైంది. నోరు తెరవడానికి ఎంతో ముందే నిర్ణయం జరిగిపోయింది గనుక, “కోపంలో నోరు జారాను” అని అతడు గురువు ఎదుట చెప్పుకొంటే అది సత్యం కాదు.

అయితే కోపం ఎన్నడూ బాధ్యతను తగ్గించదని కాదు. విచక్షణ మేల్కొనక ముందే ముంచెత్తిన ఆవేశం స్వేచ్ఛను తగ్గిస్తుందనీ, మనమే కావాలని రగిలించుకొన్న ఆవేశానికి ఆ మినహాయింపు లేదనీ మధ్యయుగపు వేదాంతి పునీత తోమాసు అక్వీనాసు విడమరచి చెప్పారు. భయం, బలవంతం, పాతుకుపోయిన అలవాటు కూడా బాధ్యతను తగ్గించవచ్చునని, కొన్నిసార్లు పూర్తిగా తొలగించవచ్చునని శ్రీసభ బోధలను క్రోడీకరించిన గ్రంథమైన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 1735వ సంఖ్యలో ఉన్నది. ఐతే ఆ అలవాటును విడిచిపెట్టడానికి ఏ ప్రయత్నమూ చేయనివాడు ఆ అలవాటునే సాకుగా చూపలేడు. అజ్ఞానం విషయమూ అంతే: తెలుసుకొనే అవకాశమే లేనివాని అజ్ఞానం వేరు, తెలిస్తే మానుకోవలసి వస్తుందని అడగకుండా ఉండిపోయినవాని అజ్ఞానం వేరు.

ఈ వారం అభ్యాసానికి గడచిన రోజులలోని ఒకే ఒక క్రియను ఎంచుకోండి. పవిత్రాత్మ వెలుగు కోసం ప్రార్థించి, ఆ క్రియ నుండి వెనుకకు నడుస్తూ, మరొక దారి పట్టగలిగిన చివరి క్షణం ఏదో గుర్తించి, అప్పుడు మీకు ఏమి తెలుసు, ఏమి కోరారు, ఎంతమేరకు నిగ్రహించుకోగలిగి ఉండేవారు అన్నది వ్రాయండి. ఇతరులు చేసినదానిని ఆ కాగితం మీదికి రానివ్వకండి. ఆ భాగం వ్రాయాలని చేయి ఉబలాటపడుతుంది, అక్కడే జాగ్రత్త అవసరం.

చీటికిమాటికి పాపభయంతో నలిగిపోయేవారు మాత్రం ఈ అభ్యాసాన్ని ఒంటరిగా చేయవద్దని గట్టిగా కోరుతున్నాను. అటువంటివారు ఒకే గురువును ఆశ్రయించి, ఆయన చెప్పిన మాటకు కట్టుబడి ఉండడం శ్రేయస్కరం. సాధారణంగా దైవభీతితో జీవించే వ్యక్తికి తాను సమ్మతించానో లేదో అన్న నిజమైన సందేహం కలిగితే, సంపూర్ణ సమ్మతి ఇవ్వలేదనే భావించవచ్చునని నైతిక వేదాంతులు సాంప్రదాయికంగా బోధించారు.

పై ఉదాహరణలోని వ్యక్తికి పాపవిమోచనం, అంటే గురువు ద్వారా దేవుని క్షమాపణ, లభించిన తరువాత కూడా ఒక విధి మిగిలి ఉంటుంది. అతడు అధికారి వద్దకు తిరిగి వెళ్లి, తాను చెప్పినది అబద్ధమని ఒప్పుకొని, సహోద్యోగికి పోయిన మంచిపేరును వీలైనంతవరకు తిరిగి నిలబెట్టాలి. ఈ పరిహార బాధ్యతకు హద్దులు ఎంతవరకో అయిదవ పాఠంలో చూద్దాము.