సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ బైక్ ట్రాక్ మీద తిరిగిందా? టార్చితో చూసేయండి

యమహా ఆర్‌15, కేటీఎం ఆర్‌సీ 390 లాంటి స్పోర్ట్స్ బైకులు సెకండ్ హ్యాండ్‌లో చూడ్డానికి వెళ్తే వినిపించేది ఒక్కటే మాట, "ఆఫీసుకే వాడానండీ" అని. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లోనో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలోనో తిరిగిన బండైనా సరే. ఫోన్ టార్చి ఉంటే చాలావరకు మనమే తేల్చుకోవచ్చు.

ముందు ఇంజిన్ కింద ఆయిల్ డ్రెయిన్ బోల్టు చూడండి. దాని తలకు అడ్డంగా సన్నటి రంధ్రం ఉంటే, అది రేసులో బోల్టు ఊడిపోకుండా తీగ కట్టడానికి వేసిందే అయ్యుంటుంది. మామూలుగా రోడ్డు మీద నడిపే బండికి ఆ పని ఎవరూ చేయించరు.

తర్వాత హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకీ, కుడికీ తిప్పి, ఫ్రేమ్ మెడ దగ్గర అది తగిలి ఆగేచోట టార్చి వేయండి. అక్కడ లోహం నొక్కుకుపోయినా, వంగినా, పెయింటు పగిలినా బండి గట్టిగా పడి ఉండొచ్చు. పడ్డ బండికి ఫెయిరింగ్ (బయటి ప్లాస్టిక్ తొడుగు) కొత్తది వేస్తారు, హ్యాండిల్ మారుస్తారు, కానీ ఈ మూల వైపు చూడరు. అది వంగి ఉంటే నేనైతే బేరం దాకా కూడా వెళ్లను.

కాళ్లు పెట్టుకునే ఫుట్‌పెగ్ కొసల అరుగుదల, టైరు అంచుల దాకా గరుకుదనం కూడా గుర్తులే. కానీ ఘాట్ రోడ్ల మీద ఎక్కువ తిరిగినా అవి వస్తాయి. బోల్టు, టైర్లు మార్చేసి అమ్మితే ఆ గుర్తులూ దొరకవు. అనుమానం తీరకపోతే టోకెన్ ఇచ్చే ముందే మెకానిక్‌కి ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే గొట్టాలు), ఫ్రేమ్ చూపించండి.