పుట్టగొడుగుల బెడ్లకు ఆకుపచ్చ బూజు: రాకుండా ఏం చేయాలి, వస్తే ఏం చేయాలి?

"అక్కా, పచ్చగా ఉన్నచోట గడ్డి పీకేసి డెట్టాల్ కొట్టాను, ఇక ఫర్వాలేదా?" అంటూ ఇంట్లో బెడ్లు (గడ్డి నింపి పుట్టగొడుగులు పెంచే సంచులు) కట్టినవాళ్ళు ఫోటో పంపిస్తారు. ఫర్వాలేదని ఎలా చెప్పను? సంచి విప్పినప్పుడే ఆ పచ్చపొడి గాల్లోకి లేచి పక్క బెడ్ల మీద పడిపోయి ఉంటుంది.

ఈ బూజు చాలావరకు ట్రైకోడెర్మా. వేరుకుళ్లు రాకుండా రైతులు పశువుల ఎరువులో కలిపి వేసేది ఈ జాతి శిలీంధ్రాన్నే. నేలలోని వేరే శిలీంధ్రాలను తినేస్తుంది కాబట్టి పొలానికి మేలు. మన పుట్టగొడుగు కూడా శిలీంధ్రమే, దాన్నీ వదలదు. ఇంట్లో ఎవరైనా పొలంలో ఆ పొడి వేసి వస్తే, స్నానం చేసేదాకా బెడ్ల గదిలోకి రానివ్వకండి.

వరిగడ్డి మీద ముత్యపుచిప్ప పుట్టగొడుగులు పెంచేవాళ్ళకే ఇదంతా. ఈ ఏడాది గడ్డి, పెద్ద గుండిగ, థర్మామీటర్, పాలిథిన్ సంచులు, తాజా స్పాన్ (గింజల మీద పెంచిన పుట్టగొడుగు విత్తనం) ఉంటే చాలు. వానకు తడిసి నల్లబడ్డ గడ్డి వద్దు. స్పాన్ ప్యాకెట్లో ఒక్క గింజ పచ్చగా కనిపించినా వాడకండి.

గడ్డిని రెండంగుళాల ముక్కలు కోసి రాత్రంతా నానబెట్టండి. మర్నాడు 80 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు, తేలకుండా పైన బరువు పెట్టి ఉంచండి. ఫార్మలిన్ (క్రిములను చంపే ద్రవం), కార్బెండజిమ్ (బూజు మందు) కలిపిన నీళ్ళలో 16 నుంచి 18 గంటలు నానబెట్టే పద్ధతి కూడా ఉంది. అది పనిచేయదని అనను. కానీ ఫార్మలిన్ ఘాటుకు కళ్ళు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. పిల్లలు తిరిగే ఇంట్లో, తినే పంట కోసం ఆ సీసా ఎందుకు? వేడినీళ్ళే వాడాలి.

ఇక అందరూ చెడగొట్టేది ఆరబెట్టే దగ్గర. గడ్డిలో తేమ 65 శాతం దాకా ఉండాలి. నీళ్ళు ఎక్కువైతే గడ్డి మధ్య గాలి ఆడదు, పుట్టగొడుగు దారాలు ముందుకు సాగవు. పసుపు రంగు నీరు సంచి అడుగున చేరి పుల్లటి వాసన కొడుతుంది. నేను చూసిన బూజు బెడ్లలో చాలావాటికి పచ్చదనం ఆ అడుగునుంచే మొదలైంది.

నీళ్ళు వంపేసి, గంటసేపు బుట్టలో నీరు కారనిచ్చి, డెట్టాల్ నీళ్ళతో తుడిచిన పట్టా మీద గదిలోనే పలచగా పరవండి. మేడ మీద ఎండలో వద్దు. దుమ్ము పడుతుంది, పైగడ్డి పెళుసెక్కుతుంది, కింద తడి అలాగే ఉంటుంది. ఫ్యాన్ కూడా వేయకండి. అరగంటకోసారి చేతులు కడుక్కుని తిరగెయ్యండి.

తేమ సరిపోయిందో లేదో చూసే పిడికిలి పరీక్షకు పైగడ్డి తీసుకుంటే మోసపోతారు. కుప్ప అడుగునుంచి గుప్పెడు తీసి, నిమ్మకాయ పిండినట్టు గట్టిగా పిండండి. వేళ్ళ సందుల్లోంచి చుక్క జారకూడదు, పిడికిలి విప్పితే మాత్రం అరచేయి తడిగా మెరవాలి. మూడు చోట్ల చూడండి. చుక్క జారిందా, ఇంకో అరగంట ఆగండి. చలికాలంలో నాకు మూడు నాలుగు గంటలు పడుతుంది, వానాకాలంలో ఆరు కూడా పట్టొచ్చు. విసుగొచ్చి "ఇక చాల్లే" అని నింపేయకండి. అలాగని తెల్లారేదాకా పరిచి వదిలేయడమూ తప్పే, గాల్లోని బూజంతా దాని మీద వాలుతుంది. గడ్డి చల్లారిందో లేదో కూడా చూడండి, వేడి మీద వేస్తే స్పాన్ చచ్చిపోతుంది.

5 కిలోల తడిగడ్డికి పావుకిలో స్పాన్ పొరలు పొరలుగా వేసి, మూతి కట్టి, పది పన్నెండు చిల్లులు పెట్టి చీకటి గదిలో వేలాడదీయండి. స్పాన్ దగ్గర పిసినారితనం వద్దు, గడ్డిలో ముందు ఎవరు పాకితే వాళ్ళదే రాజ్యం.

మూడో రోజునుంచి టార్చి వేసి చూడండి. పుట్టగొడుగు తెలుపు దారాల్లా పాకుతుంది. బూజు కూడా మొదట తెల్లగానే, పిండి చల్లినట్టు దట్టంగా ఉండి, రెండు మూడు రోజుల్లో పచ్చబడుతుంది. అనుమానం వచ్చినచోట సంచి మీద మార్కర్‌తో గుండ్రంగా గీసి, మర్నాడు చూడండి.

పచ్చబడితే గదిలో సంచి విప్పొద్దు, కోయొద్దు, ఏదీ కొట్టొద్దు. మాస్క్ పెట్టుకుని, పెద్ద కవరు నెమ్మదిగా కిందనుంచి తొడిగి, మూతి కట్టి బయటికి తీసుకెళ్ళండి. దూరంగా అడుగు లోతు గొయ్యి తీసి, గడ్డి అందులో వేసి, సున్నం చల్లి మట్టి కప్పేయండి. ఖాళీ సంచిని మూటకట్టి చెత్తలో పారేయండి. తర్వాత స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే మిగతా బెడ్ల దగ్గరికి వెళ్ళాలి.

ఒకటి రెండు కోతలు అయిపోయాక చిన్న మచ్చ వస్తే మాత్రం పారేయనక్కర్లేదు. ఆ బెడ్డును బయట చెట్టునీడన విడిగా వేలాడదీయండి, ఇంకో కోత ఇవ్వొచ్చు. మచ్చ దగ్గర వచ్చిన పుట్టగొడుగులు తినకండి. పంట మొత్తం అయ్యాక గదిని బ్లీచింగ్ పౌడర్ నీళ్ళతో కడిగి, రెండు రోజులు కిటికీలు తెరిచి ఆరనిచ్చి, అప్పుడు కొత్త బెడ్లు కట్టండి.